క్విటోకి వెళ్లే మేనకోడలికి

కొండాపూర్, హైదరాబాద్

బుజ్జీ,

నీ ఆన్‌సైట్ ఖాయమైందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సంతోషం ఉంది గానీ, దాని వెనకే కాస్త వెలితి కూడా వినపడింది. "అందరికీ డాలస్ వస్తుంటే దీనికి ఈక్వెడార్ పడ్డది" అన్నాడు. నువ్వూ రెండు రోజులుగా ముభావంగా ఉన్నావని మీ అమ్మ చెప్పింది. ఉంటావు మరి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము వచ్చిపడ్డప్పటి నుంచి రాయదుర్గంలో, నానక్‌రామ్‌గూడలో మీ ఈడు పిల్లలంతా అమెరికా దారి మూసుకుపోతోందేమోనని బెంగపడుతున్నారు. ఆ బెంగలో ఉన్నవాళ్లకి క్విటో ఒక ఊరుగా కనపడదు. డాలస్ దొరికేదాకా కాలక్షేపం చేసే చోటుగా కనపడుతుంది.

అక్కడ కొన్నేళ్లు పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నా. వెళ్తే నిండు మనసుతో వెళ్లు. మనిషి క్విటోలో, మనసు డాలస్‌లో, నిద్ర హైదరాబాద్ టైములో పెట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి ఆ మూడూళ్లలో ఏదీ దక్కలేదు.

మన కంపెనీలు అంత దూరం ఎందుకు వెళ్లాయో ముందు తెలుసుకో. క్విటో గడియారం గ్రీనిచ్‌కి అయిదు గంటలు వెనక, ఏడాది పొడవునా అంతే. చలికాలంలో న్యూయార్క్ టైమూ అక్కడి టైమూ ఒకటే, ఎండాకాలంలో గంట తేడా. హైటెక్ సిటీలో మనం రాత్రి రెండింటికి క్యాబ్ ఎక్కి ఇల్లు చేరే పని అక్కడ పొద్దున తొమ్మిదింటికి మొదలై సాయంత్రానికి అయిపోతుంది. అమెరికా క్లయింటు మేలుకుని ఉన్నప్పుడే నువ్వూ మేలుకుని ఉంటావు. దానికి తోడు అక్కడి బ్యాంకులు, ప్రభుత్వ శాఖల పని స్పానిష్‌లో నడుస్తుంది. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వేలోని మాంటెవిడియోలో కేంద్రం పెట్టింది, ఆ తర్వాత క్విటో, బొగోటాలకీ వెళ్లింది. అంటే నిన్ను ఏదో మూలకి నెట్టేయలేదు. ఈ రంగం ఎటు కదులుతోందో అటే వెళ్తున్నావు. అన్నిటికన్నా ముఖ్యం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నువ్వు రాత్రి పూట నిద్రపోతావు. ఆ ఒక్కదాని కోసమైనా నేను సంతోషిస్తున్నా.

ఇక ఎత్తు సంగతి. క్విటో సముద్ర మట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉంది. మనం అందరం కలిసి వెళ్లిన ఊటీ 2,240. మన హైదరాబాద్ 540 చిల్లర. బొలీవియాలోని లాపాజ్ అయితే 3,600 దాటి ఉంటుంది, దానితో పోలిస్తే నీ ఊరు నయమే. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే, కాకపోతే పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇక్కడ ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్‌లో ముప్పావు వంతే అక్కడ అందుతుంది. విమానాశ్రయం 2013 నుంచి ఊరికి దూరంగా, తబబెల దగ్గర, సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. దిగగానే బాగానే ఉందనిపిస్తుంది. కారు ఘాట్ ఎక్కి ఊళ్లోకి వచ్చాక, ఆ రాత్రి మొదలవుతుంది తలనొప్పి. కణతలు అదురుతాయి, అన్నం సయించదు, నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తావు. వాళ్లు దాన్ని సొరోచె అంటారు. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి ఉండేదే.

ఆ రోజుల్లో నెమ్మదిగా ఉండు. మెట్లు ఎక్కేటప్పుడు తొందర వద్దు. జిమ్ వద్దు. సూపు, అన్నం తిను, మంచినీళ్లు తాగు, మందు పార్టీలకి దూరంగా ఉండు. మాటిమాటికీ బాత్‌రూముకి వెళ్లాల్సి వస్తే కంగారుపడకు, ఒళ్లు ఆ ఎత్తుకి సర్దుకునే క్రమంలో కిడ్నీలు చేసే పని అది. కొన్ని వారాలకి ఎర్ర రక్తకణాలు పెరిగి ఊపిరి కుదుటపడుతుంది. పిచించా కొండ మీదికి తెలెఫెరికో అనే కేబుల్ కారు ఉంది, దాదాపు 4,000 మీటర్లకి తీసుకెళ్తుంది. ఆఫీసువాళ్లు మొదటి శనివారమే రమ్మంటారు. మూడో వారం వస్తానని చెప్పు. డయామాక్స్ అనే మాత్ర ఉంది గానీ, సల్ఫా మందులు పడనివాళ్లకి ఇబ్బంది కావచ్చు, కాబట్టి డాక్టరుని అడగకుండా వేసుకోకు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా మాత్రం ఓర్చుకోకు. 911కి ఫోన్ చెయ్యి, ఆసుపత్రికి వెళ్లు. అక్కడి డాక్టర్లకి ఇది కొట్టిన పిండి. అవసరమైతే కిందికి దిగమంటారు, గ్వాయకిల్ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది, విమానంలో గంట కూడా పట్టదు.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఒకటుంది. మన తెలంగాణలో, ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. నువ్వు పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం కాఫీతో సరిపెట్టి, రాత్రి క్యాబ్‌లో చిప్స్ తినే రకం. గాలిలోనే ఆక్సిజన్ తక్కువైన ఊరికి, దాన్ని మోసే హిమోగ్లోబినే తక్కువగా ఉన్న రక్తంతో వెళ్తే ఎట్లా తల్లీ? రక్త పరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాముల లోపు ఉందంటే వెంటనే డాక్టరుని కలువు. ఐరన్ మాత్రలు వాడమంటే నిమ్మరసంతో వేసుకో, టీ కాఫీలతో వేసుకోకు. ఒంటికి రక్తం పట్టడానికి నెలలు పడుతుంది. ప్రయాణం ముందు రోజు దానిమ్మ రసం తాగితే అయ్యే పని కాదు.

అట్లాగే ఎల్లో ఫీవర్ టీకా. క్విటో ఎత్తు వల్ల అక్కడ ఆ జ్వరం తెచ్చే దోమల బెడద లేదు గానీ, ఈక్వెడార్ అడవి ప్రాంతాల్లో ఆ జ్వరం ఉంది. అందుకే ఆ దేశం నుంచి వచ్చేవాళ్లని మన విమానాశ్రయంలో సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. నారాయణగూడలో ఐపీఎం ఉంది కదా, అక్కడ వేస్తారు. ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కుని, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ పసుపు పచ్చ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో. టికెట్ అమెరికా మీదుగా తీస్తే విమానం మారడానికి కూడా అక్కడి వీసా కావాలి, ట్రావెల్ డెస్కువాళ్లకి ముందే గుర్తు చెయ్యి.

ఇప్పుడు వంట. మీ అమ్మ భయమంతా దాని గురించే. క్విటోలో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తెర్లుతున్నట్టే ఉంటుంది గానీ ఆ నీళ్లలో అంత వేడి ఉండదు. గిన్నెలో అన్నం వండితే పైన మెత్తగా అయి లోపల పలుకు మిగులుతుంది. కందిపప్పు గంటసేపు ఉడికినా బద్ద బద్దగానే ఉంటుంది. కాబట్టి కుక్కర్ లేనిదే మనకి అక్కడ బతుకు లేదు. అయిదు లీటర్లది తీసుకెళ్లు, రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు అదనంగా పెట్టుకో. పప్పు ముందే నానబెట్టు, ఇక్కడ మూడు విజిల్స్ అయితే అక్కడ అయిదు అనుకో. మిక్సీ మాత్రం ఇక్కడిది మొయ్యకు, అక్కడ కరెంటు 120 వోల్టులు. అమెరికా వెళ్లేవాళ్ల కోసం 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి, అది కొనుక్కో. ఇళ్లలో చలికి హీటర్లు ఉండవు, రాత్రి తొమ్మిది పది డిగ్రీలకి దిగుతుంది, ఇడ్లీ పిండి బయట పెడితే పొద్దున్నకి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. అవెన్‌లో దీపం ఒక్కటే వెలిగించి లోపల పెట్టు, పులుస్తుంది. పెరుగూ అంతే.

పచ్చళ్ల ప్యాకెట్లు జాగ్రత్త. హైదరాబాద్‌లో సీల్ చేసిన ప్యాకెట్‌లో ఇక్కడి గాలి ఉంటుంది. బయట ఒత్తిడి తగ్గేసరికి అది ఉబ్బిపోతుంది. నేను మొదటిసారి సంచి తెరిచేటప్పటికి ఆవకాయ ప్యాకెట్ నాలుగు వైపులా బిగుసుకుని నున్నగా తయారైంది. మూల కత్తిరించగానే నూనె ఎగజిమ్మి తెల్లటి టైల్స్ గోడ మీద పడ్డది. ఇంటి ఓనరమ్మ ఆ ఘాటుకి వచ్చింది. గోడ సంగతి వదిలేసి, వేలితో కాస్త తీసుకుని నాలిక మీద పెట్టుకుంది. కళ్లలో నీళ్లు వచ్చాయి, అయినా ఇంకాస్త అడిగింది. మర్నాడు తను చేసిన అహీ అనే పచ్చడి గిన్నెతో తెచ్చిచ్చింది. అక్కడ చెట్టుకి కాసే ఒక రకం టమాట ఉంటుంది, పులుపుగా. దాన్ని ఉడికించి, పచ్చిమిర్చి వేసి రుబ్బి, ఉల్లి, కొత్తిమీర కలుపుతారు. వేడి అన్నంలో కలుపుకుని తిన్నా. ఆ తర్వాత నేను ఆవకాయ కోసం బెంగపడింది లేదు. నువ్వు ప్యాకెట్లని గాలి తీయించి సీల్ చేయించు, స్టీలు డబ్బాలో పెట్టు. పచ్చి కరివేపాకు, విత్తనాలు పెట్టకు, దిగగానే తనిఖీలో తీసేస్తారు.

శాకాహారివి కదా, ఏం తింటావని అంతా అడుగుతారు. లోక్రో అని బంగాళాదుంప సూపు ఉంటుంది, జున్ను, అవకాడో వేసి ఇస్తారు. మెనెస్త్రా అడిగితే అన్నంతో చిక్కటి పప్పు పెడతారు. మాంసం వద్దని ముందే గట్టిగా చెప్పాలి, లేకపోతే పక్కన పెట్టేస్తారు. బజారులో పాత బియ్యం విడిగా అమ్ముతారు, అది మన వంటకి బాగా కుదురుతుంది. బంగాళాదుంప పుట్టిందే ఆ కొండల్లో. మన టమాట, మిరపకాయ, పల్లీ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అక్కడి సంతలో రకరకాల దుంపలు, మిరపకాయలు రాశులు పోసి ఉంటే వాటి మధ్య తిరగడం నాకెంత ఇష్టంగా ఉండేదో.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది టైము గురించి. మనకీ వాళ్లకీ పదిన్నర గంటల తేడా. మీ అమ్మ పొద్దున ఆరింటికి కాఫీ పెట్టుకునే వేళకి అక్కడ ముందు రోజు రాత్రి ఏడున్నర. అప్పుడు ఫోన్ చెయ్యి. కబుర్లు తృప్తిగా చెప్పుకో. తర్వాత ఫోన్ పక్కన పెట్టెయ్యి. ఇక్కడి టీమువాళ్లు నీ రాత్రులన్నీ కాల్స్‌తో నింపేస్తారు, వాళ్లకది పొద్దుటి పని వేళ మరి. వారానికి ఏ రెండు రోజులు కుదురుతుందో మొదటి వారమే చెప్పు, మొదట్లో చెప్పకపోతే తర్వాత ఎవరూ వినరు. నాతో పనిచేసిన పిల్లల్లో కొందరు ఆఫీసు నుంచి గెస్ట్‌హౌస్‌కి, గెస్ట్‌హౌస్ నుంచి సూపర్ మార్కెట్‌కి తప్ప వేరే దారి ఎరగరు. రాత్రి పన్నెండు దాకా మాదాపూర్‌తో మాట్లాడటం, ఆదివారం తెలుగు సినిమాలు చూస్తూ పడుకోవడం. రెండు గంటల ప్రయాణంలో ఒతవాలో సంత ఉంది, అది కూడా చూడకుండా తిరిగొచ్చారు. వాళ్లని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పాతికేళ్ల వయసులో అట్లాంటి ఊళ్లో ఉండి కిటికీ తెరవకపోవడం ఎంత నష్టం!

స్పానిష్ ఇక్కడే మొదలుపెట్టు. తార్నాక ఇఫ్లూలో నేర్పుతారు, నీకు దూరమనుకుంటే ఆన్‌లైన్‌లోనైనా సరే. వ్యాకరణం తర్వాత, ముందు నోరు తిరగాలి. అక్కడ లిఫ్టు ఎక్కినా, కొట్లోకి అడుగుపెట్టినా, వాచ్‌మన్ ఎదురైనా బ్వెనోస్ దియాస్ అనాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తలదించుకుని వెళ్లిపోవడం హైటెక్ సిటీలో చెల్లుతుంది గానీ, అక్కడ పొగరనుకుంటారు. కొండ ప్రాంతం మనుషులు నెమ్మదస్తులు, కొత్తవాళ్లని మీరు అనే పలకరిస్తారు. మన ఇంట్లో పెరిగినదానివి, ఆ మర్యాద నీకు కష్టం కాదు.

భయపడాల్సిన సంగతులూ దాచను. 2024 జనవరిలో ముఠాల హింస పెచ్చుమీరి ఆ దేశం ఎమర్జెన్సీ ప్రకటించింది. పెద్ద గొడవలన్నీ ఎక్కువగా కోస్తా వైపే గానీ, క్విటోలోనూ రోడ్డు మీద ఫోన్ చేతిలో పెట్టుకుని నడవకు. రాత్రి చెయ్యెత్తి ట్యాక్సీ ఆపకు, ఫోన్ చేసో యాప్‌లోనో పిలిపించుకో. ఏ వీధికి వెళ్లొచ్చో అక్కడ పుట్టిపెరిగిన ఆఫీసు పిల్లల్ని అడుగు, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుని కాదు. 2024 చివర్లో వానలు లేక, జలవిద్యుత్తు మీదే ఆధారపడిన ఆ దేశంలో రోజుకి 14 గంటల దాకా కరెంటు తీసేశారు. ఇల్లు చూసేటప్పుడు జనరేటర్ ఉందా అని అడగడం మరిచిపోకు. డబ్బు సంగతి తేలిక. 2000 నుంచి వాళ్ల కరెన్సీ అమెరికా డాలరే. ఇరవై డాలర్ల నోటుకి చిన్న కొట్లలో చిల్లర దొరకదు, ఒకటి, అయిదు నోట్లు దగ్గర పెట్టుకో. ఎండ ఒక్కటి మోసం చేస్తుంది. చల్లగా ఉందనుకుంటాం, భూమధ్యరేఖ మీద, అంత ఎత్తున, మబ్బు పట్టినా ముఖం కాలిపోతుంది.

భూమధ్యరేఖ అంటే గుర్తొచ్చింది. భూమి నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉందా లేదా తేల్చడానికి 1736లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వచ్చి కొలతలు మొదలుపెట్టింది క్విటో దగ్గరే. చలిలో, గాలివానల్లో, ఆ కొండల మీద ఏళ్ల తరబడి గుడారాలు వేసుకుని కొలిచారు. ఆ తర్వాత సర్వేయరు లాంబ్టన్ మద్రాసు నుంచి మొదలుపెట్టి మన దక్కను మీదుగా కొలుచుకుంటూ వచ్చాడు. మీ నాన్న ఉప్పల్ సర్వే ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఈ కథలు నాకు చెప్పేవాడు. నేను అక్కడ ఉన్నప్పుడు వాడు రాలేకపోయాడు, అది వాడికి తీరని కోరిక. నువ్వు కుదురుకున్నాక తప్పకుండా రప్పించుకో. రేఖ దగ్గరికి తీసుకెళ్లు. అయితే ముందు రెండు రోజులు ఇంట్లో పడుకోబెట్టు, వాడికి బీపీ ఉంది, వచ్చేముందు డాక్టరుకి చూపించుకోమను.

పండగలప్పుడు దిగులేస్తుంది, అది తప్పదు. మేము బతుకమ్మ పేర్చాం అక్కడ. తంగేడు లేదు, గునుగు లేదు. కానీ కయంబె చుట్టూ గులాబీ తోటలే, దేశాలకి ఎగుమతి చెయ్యగా మిగిలినవి ఊళ్లో చవగ్గా అమ్ముతారు. పళ్లెంలో అడుగున చామంతులు, పైన వరసకో రంగు గులాబీలు పెట్టాం. గులాబీ కాడ గట్టిగా ఉంటుంది, గునుగులాగా ఒదగదు, ప్రతి కాడనీ పొట్టిగా కత్తిరించి వేళ్లతో అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. ఓనరమ్మ తన చెల్లెళ్లని వెంటబెట్టుకుని వచ్చింది. పాట రాదు గానీ చప్పట్లు మాతో సమానంగా వేశారు.

నవంబరు 2న వాళ్లకి పెద్దల పండగ. ఊదారంగు మొక్కజొన్న పిండి, అడవి పళ్లు వేసి కాచిన కొలాద మొరాద తాగుతారు, బొమ్మల రొట్టెలు చేస్తారు. మా టీములో ఒకమ్మాయి నన్ను కల్దెరోన్ శ్మశానానికి తీసుకెళ్లింది. సమాధుల పక్కనే కుటుంబాలు కూర్చుని, తెచ్చిన అన్నం విప్పి, పోయినవాళ్ల పేరు చెప్పి పక్కవాళ్లకి పంచుతున్నారు. నాకూ ఒక పొట్లం ఇచ్చి, ఎవరి పేరు మీద తింటావని అడిగారు. మీ తాతయ్య పేరు చెప్పాను. పెత్రమాస నాడు హనుమకొండ ఇంట్లో ఆయన పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు నేను ఏ ఏడూ ఉండలేకపోయాను. ఆ లోటు ఆ రోజు కొంత తీరింది.

పెళ్లి సంబంధాలవాళ్లు "ఈక్వెడారా, అదెక్కడ?" అని మొహం పెడతారని మీ అమ్మ అంటోంది. పెట్టనీ. ఆ జవాబు చెప్పే పని నాకు వదిలెయ్యమను.

ఆదివారం పొద్దున రా. హిమోగ్లోబిన్ రిపోర్టు తెచ్చుకో, అది చూడకుండా నేను ఇంకేం మాట్లాడను. నా పాత కుక్కర్ తీసి ఉంచాను, మూత పట్టు ఎట్లా చూడాలో చూపిస్తా. ఓనరమ్మ నంబరు కూడా ఇస్తా. మనిద్దరం కలిసి ఆమెతో మాట్లాడదాం, నీకు వచ్చినంత స్పానిష్‌లో నువ్వే పలకరించు. తను పడుకునేలోపు కలవాలి, కాబట్టి ఏడింటికల్లా ఇక్కడుండు. టిఫిన్ నా దగ్గరే.

నీ అత్తమ్మ